రెండో సీడీ

"సీడీల మావ పోనాడే గుంటా" అని పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది. నేను విజయనగరం బస్టాండులో ఉన్నాను, పనికి పోతూ. ఎలాగని అడిగితే "గుండాగిపోనాదంట. కొట్లో కుర్సీలో కూకున్నోడు కూకున్నట్టే" అంది. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. బతకాల్సినవాళ్ళు పోతారు, పోవాల్సినవాళ్ళు రాయపూర్ లైన్లో లారీ తోలుకుంటూ దిట్టంగా తిరుగుతుంటారు. దేవుడికి కళ్ళున్నాయా అని పైకే అనేశాను. పక్కనున్నావిడ సంచీ సర్దుకుని అటు జరిగింది.

ఆయన మాకు చుట్టం కాదు. సాలూరులో లారీల స్టాండు పక్క వీధిలో, మా ఇంటికి ఎదురుగా, సీడీలు అద్దెకిచ్చే కొట్టు ఆయనది. కిరాణా వ్యాపారం చేసే ఇంట్లో పుట్టి సినిమాల పాలయ్యాడని వాళ్ళవాళ్ళు ఆడిపోసుకునేవారు. అమ్మను సెల్లెమ్మా అని పిలిచేవాడు కాబట్టి నాకు మావ. మనసు మంచిదే, నోరు మాత్రం కాదు. ఎవరైనా సీడీ మొహం మీద వేళ్ళు పెట్టారో, అయిపోయారే. "ఒరే, అప్పడమనుకున్నావేట్రా? అంచు అట్టుకో!" అని వీధి చివరిదాకా వినపడేలా అరిచేవాడు. తను మాత్రం బనియను అంచుతో మధ్యనుంచి బయటికి తిన్నగా తుడిచేవాడు. "గుండ్రంగా తుడిస్తే గీతా గుండ్రంగానే పడతాది. అడ్డంగా పడ్డ గీతని మిషను దాటేస్తాది గానీ దారెంట పడ్డ గీతని దాటనేదే" అనేవాడు.

2011, 12 ప్రాంతానికి పెద్ద ఊళ్ళలో సీడీల పని అయిపోయింది, డీవీడీలొచ్చేశాయి. మా వీధిలో ఇంకా పాత ప్లేయర్లే. సీడీలో సినిమా రెండు ముక్కలు. మొదటి ముక్క అయిపోగానే తెర నీలమైపోతుంది, లేచి రెండోది పెట్టాలి. ఫైటింగు వస్తే బొమ్మ గళ్ళుగళ్ళుగా విడిపోయి ఎవడు ఎవణ్ణి కొడుతున్నాడో తెలిసేది కాదు. డీవీడీలో నెత్తురు నెత్తురులాగే కనపడేది, సినిమా మొత్తం ఆగకుండా నడిచేది. లారీలవాళ్ళు తెచ్చుకునేవాటిలో ఒక్కోదాంట్లో మూడేసి సినిమాలు కుక్కి ఉండేవి. ఇక బ్లూరే ఒకటి మావ కొట్లో అద్దాల బీరువాలో ఉండేది. ఆడించే మిషను మాకు తెలిసినవాళ్ళెవరికీ లేదు. "దీంట్లో సెమట సుక్క కూడా కనపడతాదంట. ఎవుడి సెమటో మనకెందుకే?" అని నవ్వేవాడు. వీటిలో ఏది మేలని ఎవరడిగినా ఒకటే మాట. "సీడీయే. మద్దిలో ఆగతాది." అందరూ వెర్రివాడన్నారు. ఆ మాట ఎందుకన్నాడో మా ఇంటికి తెలుసు.

మా నాన్న లారీ డ్రైవరు. ట్రిప్పు దిగొచ్చిన మధ్యాహ్నం తాగేవాడు, ఫైటింగుల సినిమా పెట్టేవాడు, సౌండు చివరికంటా పెంచి, తలుపు గడియ వేసి అమ్మను కొట్టేవాడు. తెర మీద గుద్దు పడితే ఇక్కడా గుద్దు. బెల్టు, చెప్పు, ఏది దొరికితే అది. ఓసారి జుట్టు పట్టుకుని తల గోడకేసి బాదితే సున్నం రాలింది. అమ్మ కేకలు సినిమా కేకల్లో కలిసిపోయేవి. "మీ ఇంట్లో సినిమాలు మా గట్టిగా ఏస్తారే" అని పక్కింటావిడ నాతో నవ్వుతూ అనేది.

ఒకరోజు మొదటి సీడీ అయిపోయి తెర నీలమైంది. సినిమా చప్పుడు పోయి అమ్మ కేక ఒక్కటే మిగిలింది. ఎదురుకొట్లో మావ విన్నాడు. వచ్చి తలుపు బాదితే నాన్న గడియ తీసి, "ఆలూమొగుళ్ళ మద్దిన నీకేటి పని బావా?" అన్నాడు. మర్నాడు మావ పోలీసుల దగ్గరికి బయలుదేరబోతే అమ్మే ఆయన కాళ్ళు పట్టుకుంది. "ఒద్దన్నయ్యా, ఆడొచ్చి నన్ను సంపేస్తాడు."

అప్పట్నుంచి నాన్నకు మొదటి సీడీ ఒక్కటే ఇచ్చేవాడు. "రెండోది ఇంకో ఇంట్లో ఉన్నాది బావా, ఇది అయ్యేలోపు నానే అట్టుకొస్తాను" అనేవాడు. ఒక్క సినిమాని రెండిళ్ళకి తిప్పడం ఆ కొట్లో మామూలే కాబట్టి నాన్నకు అనుమానం రాలేదు. అసలా రెండో సీడీ ఏ ఇంటికీ పోయేది కాదు, కొట్టు బల్ల మీదే ఉండేది. మా తెర నీలమయ్యే వేళకి మావ దాన్ని పట్టుకుని గుమ్మంలో ఉండేవాడు, దానికోసం నాన్న గడియ తీయక తప్పేది కాదు. "సెల్లెమ్మా, గుక్కెడు నీళ్ళియ్యి" అంటూ వచ్చి కూర్చునేవాడు. అమ్మ కొంగుతో మూతి తుడుచుకుని చెంబుతో నీళ్ళు తెచ్చేది. ఇక చూడాలి ఆయన తాపీ! నీళ్ళు తాగడం, సీడీ తుడవడం, మళ్ళీ తుడవడం. సినిమా అయ్యేదాకా లేచేవాడు కాదు. నాన్న పళ్ళు నూరుకుంటూ తెర వైపు చూసేవాడు. "మొదటి సీడీ ఓర్సుకుంటే సాలే, అన్నయ్య వచ్చేస్తాడు" అని అమ్మ నాతో అనేది. ఒక ఆడమనిషి బతుకు ఆ సగం సినిమా మీద నడిచింది.

తర్వాత నాన్న రాయపూర్ నుంచి డీవీడీ ప్లేయరు తెచ్చాడు. మావ డీవీడీలు లేవు పొమ్మన్నాడు. లారీల స్టాండులో వాటికి కొదవా? ఆ ఆదివారం మధ్యాహ్నం మూడు ఫైటింగు సినిమాలున్న డీవీడీ పెట్టాడు. ఒకటయ్యాక ఒకటి, ఆగదు. అమ్మ నేల మీద పడిపోయినా ఆగలేదు, కాలితో తన్నుతూనే ఉన్నాడు. నేను పెరటి గోడ దూకి కొట్టుకి పరిగెత్తాను.

"మావా, అది ఆగదు! డీవీడీ!"

అంతకన్నా చెప్పక్కర్లేకపోయింది. మావ మా అరుగెక్కి మీటరు పక్కనున్న ఫ్యూజు పీకేశాడు. సినిమా చచ్చిపోయింది. ఆ నిశ్శబ్దంలో అమ్మ కేక లారీల స్టాండుదాకా పోయింది. నాన్న జాకీ రాడ్డు పట్టుకుని బయటికొచ్చి, ఫ్యూజు పట్టుకున్న చేతి మీదే కొట్టాడు. మణికట్టు ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఏ ఫైటింగులోనూ అలాంటి చప్పుడు వినలేదు. ఆయన ఫ్యూజు వదల్లేదు. ఇంకో దెబ్బ భుజం మీద పడింది.

"కొట్రా! ఈపాలి ఊరంతా ఇంటన్నాది, కొట్టు!" అని మావ అరిచాడు.

డ్రైవర్లు పరిగెత్తుకొచ్చి నాన్నను మట్టిలో పడేసి కుమ్మారు. పన్నూడి నెత్తురు కక్కుకున్నాడు. నాకు జాలి కలగలేదు, ఇప్పటికీ కలగదు. అమ్మ నెత్తురోడే మొహంతో రోకలి పట్టుకుని వచ్చింది. వాడి తల పగలగొడుతుందనుకున్నాను, పగలగొట్టాలనే కోరుకున్నాను. అమ్మ మళ్ళీ లోపలికెళ్ళి డీవీడీ ప్లేయరు లాక్కొచ్చి, అరుగు మీద పెట్టి పొడిపొడి అయ్యేదాకా దంచింది. "మల్లీ ఈ గుమ్మం తొక్కితే తరవాత నీ బుర్రే" అంది. నాన్న ఆ సాయంత్రమే లారీ ఎక్కాడు. మళ్ళీ రాలేదు.

మావ మణికట్టు వంకరగా అతుక్కుంది. అప్పట్నుంచి తిన్నగా తుడవడం రాలేదు, చెయ్యి దానంతటదే గుండ్రంగా తిరిగేది. "సూడు సెల్లెమ్మా, నీ మొగుడు నా సీడీల్ని కూడా కొట్టీసినాడు" అని ఎగతాళి చేసేవాడు. అమ్మ నవ్వేది, తర్వాత వంటింట్లోకి పోయి ఏడ్చేది. కొన్నాళ్ళకి కొట్టులో మెమరీ కార్డులు, రీచార్జిలు వచ్చిపడ్డాయి. సీడీలు అడిగేవాడు లేడు. మా ఇంట్లో మాత్రం పాత ప్లేయరు ఉండిపోయింది. ప్రతి వారం మావ అమ్మకు ఒక సినిమా మొదటి సీడీ పంపేవాడు, ఆదివారం మధ్యాహ్నం రెండోది తనే తెచ్చేవాడు. ఇప్పుడెందుకు, రెండూ ఒకేసారి ఇచ్చేయొచ్చు కదా అంటే నన్ను తిట్టాడు. "నోర్ముయ్యే. నాకు దాహమెయ్యదేటి?"

మొన్న ఆదివారం నేను సాలూరులోనే ఉన్నాను. పోయేముందు ఆయన పంపిన మొదటి సీడీ మా ఇంట్లోనే ఉంది. అమ్మ దాన్ని అంచు పట్టుకుని ప్లేయర్లో పెట్టింది. సినిమా సగానికొచ్చింది, తెర నీలమైంది. ఎదురుకొట్టు షట్టరు దించి ఉంది. నేను టీవీ కట్టేయబోతే అమ్మ వద్దంది. లేచి వెళ్ళి, చెంబుతో నీళ్ళు తెచ్చి గుమ్మంలో పెట్టి, తలుపు బార్లా తీసి కూర్చుంది.