పేరు పలకని ఇంట్లో మాటల పెట్టె

మా ఆవిడ డాబా మెట్ల మీద జారిపడి రెండు మణికట్లూ విరగ్గొట్టుకుంది. దవాఖానలో రెండు చేతులకూ పిండికట్లు వేశారు. నోటికి మాత్రం ఏమీ కాలేదు. డాక్టరు పనిలో పనిగా దానికీ ఓ కట్టు వేస్తాడేమోనని ఆశగా చూశాను, వేయలేదు.

వరంగల్‌లో నాది చిన్న టైలర్ షాపు. పొద్దంతా అక్కడే ఉండాలి. ఇంట్లో ఆమె ఒక్కతే. అందుకని రఘునాథపల్లి నుంచి బామ్మర్ది కారుతో సహా దిగాడు.

"కట్లు ఇప్పేదాంక అక్క నా దగ్గర్నే ఉంటది బావా. జర ఏమన్నయితే ఎవల్ని పిలుస్తది? ఫోనెట్ల పట్టుకుంటది?"

ఆమెకు పోవాలని లేదు, నాకు పంపాలని లేదు. తిట్టే మనిషి లేకపోతే నాకు అన్నం అరగదు.

"ఫికర్ చెయ్యకు," అని కొత్తగా కొన్న స్మార్ట్ స్పీకర్ బయటికి తీశాను. ఆమె ఫోన్‌కు ముందే జత చేయించాను. పెట్టెను పేరు పెట్టి పిలిచి, ఎవరికి ఫోన్ చేయాలో చెబితే చాలు, చేతులతో పనే లేదు. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ని, ఇంత తెలివి చూపించానని మీసం దువ్వుకున్నాను.

ఒక్కటి మరిచాను. మొగుడి పేరు పలకకూడదని వాళ్లమ్మ నేర్పింది. రేషన్ షాపులో అడిగినా పక్కావిడతో చెప్పిస్తుంది. ఫోన్‌లోనైతే నా ఫొటో మీద నొక్కేది.

ఆమె పెట్టెను పిలిచింది. నీలం దీపం వెలిగింది.

"మా ఇంటాయనకు ఫోన్ చెయ్యి."

అలాంటి వాళ్లెవరూ లేరంది పెట్టె.

"గదే, బట్టలు కుడ్తడు. నల్లగుంటడు," అని ఆనవాళ్లు చెప్పింది.

దీపం ఆరిపోయింది.

"నిన్న ఒచ్చిన డబ్బను పేరు పెట్టి పిలుస్తున్నవ్. ఇన్నేండ్ల సంది ఉన్న, నన్ను పిలువవా?"

"అది నీ లెక్క ఎదురు మాట్లాడది."

"ఇది అయ్యే పని కాదు, నడువక్కా," అని బామ్మర్ది ఆమె బట్టల సంచి కారులో పెట్టాడు.

ఆమె పెట్టె వైపు వంగింది. పెదాలు కదిలాయి. నా పేరు నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు చూడబుద్ధి కాలేదు.

"ఒద్దు తియ్. నా పేరే మారుస్త. ఏం పెట్టాలె? దొర?"

"దొరనట! మొకం చూస్కున్నవా?"

"మరి ఫోన్ల నన్ను ముందుగాల ఏమంటవ్?"

"ఏడున్నవ్ అంట."

ఆమె ఫోన్‌లో నా పేరు తీసేసి అదే ఎక్కించాను. నేను షాపు చేరాక ఫోన్ వస్తే సంచి దించుతానన్నాడు బామ్మర్ది.

షాపులో ఒకాయన నడుముకు టేపు చుట్టానో లేదో, ఫోన్ మోగింది. స్పీకర్ ఆన్ చేశాను.

"ఏడున్నవ్?" అంది, ఈసారి పెట్టెను కాదు, నన్నే.

"షాపుల."

"తమ్ముడు సంచి దించిండు. తిని పోతడట. జర జల్దిరా, ఒండుదువు."

ఫోన్ ఎలా పెట్టేయాలో ఆమెకు చెప్పలేదు. నేనూ పెట్టేయలేదు. ఆ ప్యాంటు కొలతలు పూర్తయ్యేదాకా షాపంతా మా ఇల్లే వినిపించింది.

"చూసినవా రా, ఎట్ల పిలిచిన్నో?" అంటోంది తమ్ముడితో.