విస్తరిలో పథ్యం

ఆ రోజు పొద్దున సరిగ్గా ఎనిమిది గంటలకు మా మరదలి ఫోన్‌లో అలారం మోగింది. ఆమె వంటింట్లోంచి వచ్చి, మందుల డబ్బా తెరిచి, మాత్రలు చిన్న గిన్నెలో వేసి, గ్లాసులో నీళ్ళు పోసింది. వాటిని వేసుకోవాల్సిన మా తమ్ముడు చనిపోయి అప్పటికి మూడో రోజు. ఆ గిన్నెను ఏం చేయాలో ఆమెకూ, పక్కనే ఉన్న నాకూ తెలియలేదు. ఆమె దాన్ని కిటికీలో పెట్టి మళ్ళీ వంటకు పోయింది.

తమ్ముడు భూపాలపల్లిలో బొగ్గు బాయి పనికి పోయేవాడు. నడుము నొప్పికి ఏళ్ళ తరబడి ఎవరినీ అడగకుండా మాత్రలు మింగాడు. బీపీ ఉందంటే, తనకు కోపం తప్ప ఏ రోగమూ లేదన్నాడు. పాదాలు వాచి చెప్పులు పట్టకపోతే పెద్ద సైజు చెప్పులు కొనుక్కున్నాడు. దవాఖానకు పోయేసరికి రెండు కిడ్నీలూ పనిమానేశాయి. కొన్నాళ్ళు వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకున్నాడు. తర్వాత నా కిడ్నీ ఒకటి ఇచ్చాను.

పాతవి తీసేసి కొత్తది పెడతారని మేమంతా అనుకున్నాం. తీయరు. అవి వాటి చోటే ఉంటాయి, కొత్తది పొత్తికడుపులో ఒక పక్కన పెడతారు. ఇది తెలిశాక వాడి వేళాకోళం ఆగలేదు.

"అక్కా, నాకు మూడున్నయి, నీకు ఒక్కటే. ఇగ మనల ఎవలు పెద్ద?" అన్నాడు.

"ఆడిమనిషి కిడ్నీ పెట్టుకున్నవ్, ఇగ గాజులేసుకుంటవా?" అని స్నేహితులు ఆటపట్టిస్తే, "గాజులు గాదు, మా అక్క లెక్క అందర్ని తిట్టుడు మొదలువెడ్త" అనేవాడు.

పెట్టిన కిడ్నీని శరీరం పరాయిదిగానే చూస్తుంది. తరిమేయకుండా ఉండాలంటే బతికినంత కాలం మాత్రలు వేసుకోవాలి. ఆ మాత్రలతో శరీరం మెత్తబడి రోగాలను కూడా సరిగ్గా ఎదిరించలేకపోతుంది. అందుకని మరదలు తొమ్మిదేళ్ళు కాపలా కాసింది. ఉప్పు తగ్గించింది. ఊరగాయ జాడీని బీరువాలో పెట్టి తాళం వేసింది. వాడు తప్పు చేస్తే జనగామలో ఉన్న నాకు ఫోన్ చేసేది.

"వదినె, మొన్న పెండ్లిల రెండు మిర్చి బజ్జీలు తిన్నడు. మూడోది నేనే గుంజుకున్న. నువ్వేమనుకోకు."

వెనక నుంచి వాడి గొంతు వినిపించేది. "ఠాణాల కేసు గూడ పెట్టు, ఒక పనైపోతది."

వాడు పోయింది కిడ్నీతో కాదు, ఊపిరితిత్తులకు పట్టిన జ్వరంతో. ఆసుపత్రిలో ఆఖరి సాయంత్రం కూడా మూత్రం సంచి నిండింది. నా కిడ్నీ పని చూసి గర్వపడ్డాను. ఆ గర్వాన్ని ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు.

మూడో రోజు పిట్టకు పెట్టడం మా ఆచారం. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి ఆకులో పెడితే పిట్ట ముట్టాలి. ముట్టకపోతే మనిషి తృప్తి లేకుండా పోయాడంటారు. మరదలు స్లాబు మీద విస్తరి పరిచి అన్నీ వడ్డించింది. మేం కింద నిలబడి గంటన్నర చూశాం. కాకులు పక్కింటి మీద వాలి మా వైపు చూశాయే తప్ప రాలేదు.

బచ్చన్నపేట నుంచి వచ్చిన మా నాన్న వాళ్ళ అన్న, పెద్దబాపు, మెట్లెక్కి కూర కొంచెం నోట్లో వేసుకున్నాడు.

"ఏందే బిడ్డా, ఉప్పే లేదు?"

"ఆయన తినేది గట్లనే, మామా."

"సచ్చినోనికి గూడ పథ్యమేందే? కాకులకు బీపీ వస్తదా?"

చుట్టాల్లో ఎవరో నవ్వారు. ఇంకొకరు, తొమ్మిదేళ్ళు కడుపు మాడ్చితే పిట్టెట్ల ముడ్తదని గొణిగారు. మరదలు అది విన్నది. అందరినీ వదిలేసి నావైపే చూసింది.

"నీ పానంల ముక్క నా చేతుల పెట్టినవ్, వదినె. నేనెట్ల ఉప్పేస్త?"

ఇన్నేళ్ళూ ఆమె కాపలా కాసింది మొగుడికి అనుకున్నాను. నా వస్తువుకు కూడా కాసిందని అప్పుడే తెలిసింది. నేనెప్పుడూ అడగలేదు. అక్కర్లేదని కూడా ఎప్పుడూ చెప్పలేదు.

"ఇచ్చిననాడే గది వానిదైంది. ఇప్పుడు వానితోనే పాయె. మంచిగ సూసినవ్, పిల్లా. పో, ఊరగాయ తే" అన్నాను.

ఆమె బీరువా తాళం తీసింది. మహబూబాబాద్ నుంచి ఆమె పుట్టింటివాళ్ళు వండి తెచ్చిన మటన్‌లో ఉప్పూ కారమూ సరిగ్గా పడ్డాయి. అదీ, ఊరగాయా, అప్పటికప్పుడు వేసిన రెండు మిర్చి బజ్జీలూ విస్తరిలో పెట్టింది. కాకులు కదలకముందే పక్కింటి కోడి మెట్లెక్కి వచ్చి బజ్జీని పొడిచింది. పెద్దబాపు దాన్ని తోలబోయి ఆగాడు.

"తిననియ్యున్రి. గది గూడ రెక్కలున్నదే గదా."

మరదలు గోడకు ఆనుకుని కూర్చుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత అన్నం తిన్నది.

ఇప్పటికీ వారానికోసారి ఫోన్ చేస్తుంది. కూర గురించీ, వాన గురించీ మాట్లాడుతుంది. నాకు సంజాయిషీ చెప్పుకోవడం మానేసింది.