చెల్లని పది రూపాయల బిళ్ళ

హైదరాబాదు టంకశాలకు నేను సరదాకే వెళ్లాను. పెళ్లికని వెళ్తే ఒక పూట ఖాళీ దొరికింది. బొబ్బిలిలో ముప్పై ఏళ్లుగా బట్టల కొట్టు నడుపుతున్నవాణ్ణి, డబ్బు ఎక్కడ పుడుతుందో చూడకపోతే ఎలా అనుకున్నాను.

అక్కడి ఉద్యోగి ఓపిగ్గా చెప్పాడు. లోహపు రేకును బిళ్ళలుగా కత్తిరిస్తారట. కొలిమిలో కాల్చి మెత్తబరిచి, కడిగి, అచ్చుల మధ్య పెట్టి ఒత్తుతారట. పది రూపాయల బిళ్ళకు చుట్టూ ఉండే కడియం వేరు, నడిమి బిళ్ళ వేరు. ఒక్క దెబ్బకు రెండూ అతుక్కుంటాయి, బొమ్మా పడుతుంది.

అద్దం కింద రెండు పది రూపాయల బిళ్ళలున్నాయి. ఒకదాని మీద రూపాయి గుర్తు ఉంది, రెండోదాని మీద లేదు.

"గుర్తు లేనిది దొంగది కదండీ?" అన్నాను.

"రెండూ మావేనండీ. గుర్తు తర్వాత వచ్చింది. రెండూ చెల్లుతాయి" అని నవ్వాడు.

అద్దం మీదకి వంగి గుర్తు లేనిదాన్ని మళ్లీ చూశాను.

గుర్తు లేని బిళ్ళ దొంగదని మా ఊళ్లో ఎవరు పుట్టించారో గానీ, సంతలో, ఆటోల్లో, కొట్లలో అందరం తీసుకోవడం మానేశాం. ఆ రోజుల్లోనే ఒక పొద్దున్న మా వెనక వీధి ముసలమ్మ వచ్చింది. మొగుడు పోయాడు, శవం మీదకి కొత్త గుడ్డ కావాలంది. చావు గుడ్డకి మా దగ్గర బేరాలుండవు. అడగ్గానే చింపాను. ఆవిడ కొంగు ముడి విప్పి బిళ్ళలు పోసింది. అన్నీ గుర్తు లేనివే.

"ఇవి సెల్లవమ్మా. నోట్లుంటే ఇయ్యి."

"నోట్లెక్కడివి బాబూ? ఊడుపులకెళ్లి దాసుకున్నాను. దండమెడతాను."

గుడ్డ మడిచి లోపల పెట్టేశాను. చింపిన చావు గుడ్డను! మళ్లీ ఎవరికి అమ్ముదామనో, సిగ్గులేని వెధవని.

మధ్యాహ్నం శవం మా కొట్టు ముందు నుంచే సాగింది. మీద ఆవిడ పాత చీర కప్పారు. ముందు నడిచేవాడు పేలాలతో పాటు ఆ పది రూపాయల బిళ్ళలే జల్లుకుంటూ పోయాడు. చావు చిల్లర కోసం ఎగబడే వీధిలో ఒక్కరూ వంగి ఏరుకోలేదు. నేనూ గడపలో నిలబడి చూశాను.

టంకశాల నుంచి వచ్చిన మర్నాడే ఆవిడ ఇంటికి వెళ్లాను. విన్న సంగతంతా చెప్పి, తప్పయిపోయిందన్నాను.

"ఇప్పుడు సెల్లితే నాకేటి బాబూ? ఆడు పాత సీరతోనే యెలిపోనాడు" అంది. మళ్లీ తనే అడిగింది:

"ఆ సింపిన గుడ్డ ఉన్నాదా?"

"ఉంది."

"ఉంచు. నాకు కావాల్సొస్తాది. ఆయేళ డబ్బులడక్కు."