తుమ్ముల మధ్య మా పిన్ని కచేరీ

ఆ రోజుల్లో పాటగాళ్ళ జీవితకథలు ఎక్కడ కనిపించినా వదలకుండా చదివేదాన్ని. అన్నిట్లోనూ ఒకటే తంతు. మొదట పేదరికం, తర్వాత పట్టుదల, ఆపైన చప్పట్లు. చప్పట్లయ్యాక మాత్రం ‘కొంతకాలం అవకాశాలు తగ్గాయి’ అని ఒక్క ముక్క రాసి, కథ గబగబా సన్మానసభలోకి దూకేసేది. ఆ ఒక్క ముక్కలో ఏం జరిగిందో ఎవరూ రాయరు. నేను రాస్తాను, ఎందుకంటే మా ఆర్కెస్ట్రాకి అవకాశాలు తగ్గిన కాలంలో కీబోర్డు వాయించింది నేనే. (మంచి రోజుల్లో వాయించినతను ముందే జాగ్రత్తపడి దుబాయ్ వెళ్ళిపోయాడు.)

మా ఆర్కెస్ట్రా అంటే మా పిన్ని. గుంటూరు నుంచి ఒంగోలు దాకా ఆమె గొంతు వినని కల్యాణమండపం లేదు. ముహూర్తం పెట్టుకునేముందు ఆ రోజు పిన్ని ఖాళీయేనా అని కనుక్కున్నవాళ్ళున్నారు. తిరునాళ్ళలో ఆకాశమంత ఎత్తు కరెంటు ప్రభ ముందు స్టేజీ మీద నిలబడి ఆమె పై స్థాయి అందుకుంటే, పక్క ప్రభవాళ్ళు తమ మైకు కట్టేసుకుని వినేవారట. (ఈ ‘ట’ పిన్నిదే, నేను చూడలేదు.) ఆమెకి కుడిపక్కన క్లారినెట్ బాబాయ్. నల్లపాడులో బట్టలు కుట్టే సాయిబుగారు, మితభాషి. ఎడమపక్కన డ్రమ్ములతను. ఎవరు ఏం మాట్లాడినా చివర ఒక రోల్ కొట్టకపోతే అతనికి తోచదు కాబట్టి అతన్ని ‘రోల్’ అనే పిలిచేవాళ్ళం. నేను వారమంతా ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటూ, ఆదివారాలు కళాకారిణిగా మారిపోయేదాన్ని.

అలాంటి మా మీదకి డీజేలు దిగాయి. ఒక ట్రాలీ ఆటో, నాలుగు బాక్సులు, ఒక లాప్‌టాప్. లాప్‌టాప్‌కి గొంతు బొంగురుపోదు, మంచినీళ్ళు అడగదు, ‘ఈ పాట నా శ్రుతికి రాదండీ’ అనదు. చూస్తుండగానే పెళ్ళిళ్ళు పోయాయి, కాలేజీ ఫంక్షన్లు పోయాయి. అదిగో అప్పుడు, ఎండాకాలం మొదట్లో, బైపాసు పక్కన కొత్త కోల్డ్ స్టోరేజీ ప్రారంభోత్సవానికి రమ్మని పిలుపొచ్చింది. పిన్ని పట్టుచీర ఇస్త్రీ చేయించింది. తీరా వెళ్ళేసరికి గేటు దగ్గర ఫ్లెక్సీ మీద పిన్ని ఫొటో ఉంది. ఆమె పక్కన ఆమెకంటే పొడుగ్గా ఒక ఎండుమిరపకాయ నిలబడి ఉంది. ‘దాని ఫొటో బాగొచ్చింది’ అంది పిన్ని. రోల్ గాల్లోనే వేళ్ళతో ఒక రోల్ కొట్టాడు.

స్టేజీ ఎవరు వేయించారో గానీ, లారీల్లోంచి మిర్చి టిక్కీలు, అంటే కాయలు కుక్కిన గోనెబస్తాలు, దించే చోటికి పక్కనే వేయించారు. గాలి అటునుంచి మా మీదకి. పూజ కాగానే అతిథులంతా లోపల ఏసీ హాల్లోకి, భోజనాల దగ్గరికి వెళ్ళిపోయారు. మా ముందు వరుసలుగా ఖాళీ కుర్చీలు. వాటి వెనక రేకుల షెడ్డులో తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు, టిక్కీలు మోస్తున్న హమాలీలు.

“పిన్నీ, కుర్చీలన్నీ ఖాళీ.”

“కుర్చీలు పాట వినవులే. నువ్వు శ్రుతి ఇవ్వు.”

వినాయకుడి పాటతో మొదలుపెట్టాం. పల్లవి సగంలో ఘాటు వచ్చింది. ముందు ముక్కులోకి సన్నగా సూదిలా దిగింది, తర్వాత గొంతులో కూర్చుంది. బాబాయ్ ఊపిరి పీల్చి సరిగ్గా క్లారినెట్‌లోకి తుమ్మాడు. ఆ వాద్యంలో అలాంటి స్వరం ఉందని అంతవరకు ఎవరికీ తెలియదు. అలవాటు చొప్పున రోల్ దానికొక రోల్ కొట్టాడు, కొట్టి తనూ తుమ్మాడు. నేను కళ్ళు మూసుకుని వాయిస్తున్నాను, భక్తితో కాదు. పిన్ని ఒక్కతే ఆపలేదు. చరణం చరణంగా కాక దగ్గుదగ్గుగా పాడుకుంటూ రెండో పాటలోకి వెళ్ళింది.

అప్పుడొచ్చాడు యజమానిగారబ్బాయి. మర్యాదస్తుడే.

“ఆంటీ, ఇబ్బంది పడుతున్నారుగా. ఇంక చాల్లెండి. మా ఫ్రెండు డీజే తెచ్చాడు. లోపలికొచ్చి భోంచేయండి.”

“ఎన్ని పాటలకి ఒప్పుకున్నాం బాబూ?” అంది పిన్ని.

“పదండి.”

(పది అని చెప్పాడో, ఇక పదండి అని తరిమాడో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.)

“ఒకటిన్నర పాటే అయింది. మిగతావి పాడి వస్తాం.”

అతను నవ్వి వెళ్ళిపోయాడు. రెండు నిమిషాలకి డీజే మోగింది. అంత చప్పుడు మీద పిన్ని పెదవులు కదలడం కనిపిస్తోందే తప్ప పాట వినిపించడం లేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈసారి మిరపకాయల వల్ల కాదు. కానీ ఘాటు ఎవరి పక్షమూ కాదు కదా. ఆ డీజే అబ్బాయి వస్తూ వస్తూ టిక్కీల మీద చెయ్యి ఆనించి వచ్చినట్టున్నాడు, ఇప్పుడు అదే చేత్తో కళ్ళు నలుపుకున్నాడు. లాప్‌టాప్ వదిలేసి కుళాయి దగ్గరికి పరుగు. పాట ఒక్క ముక్క దగ్గర ఇరుక్కుపోయి, అదే అదే అదే అంటూ కూర్చుంది. కాసేపు ఓర్చుకుని హమాలీల మేస్త్రి అరిచాడు.

“ఒరేయ్, పీకరా ఆ వైరు. బుర్ర పగిలిపోతంది.”

పీకారు. అందరికీ అదే వైరు కాబట్టి డీజేతో పాటు మా మైకూ, నా కీబోర్డూ పోయాయి. పిన్ని చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని స్టేజీ దిగి, ఖాళీ కుర్చీల మధ్యనుంచి నడిచి షెడ్డులోకి వెళ్ళింది. వెనకే మేమూ. ముఖానికి తువ్వాలు చుట్టుకున్న ఒకామె పక్కకి జరిగి, టిక్కీ మీద చోటిచ్చి, తడిగుడ్డ అందించింది.

“ముందు ఇది ముక్కుకి కట్టుకో అమ్మా.”

“కట్టుకుంటే పాడేదెట్టా?”

“కట్టుకోకపోతే మాత్రం ఏం పాడతన్నావ్?”

పిన్ని నవ్వి కట్టుకుంది. తిరునాళ్ళలో పాడే ఏడుపు పాట పాడమని ఎవరో అడిగారు. “ఏడుపు పాట వద్దు. ఇప్పటికే ఏడుస్తున్నాం” అని హుషారు పాట ఎత్తుకుంది. మొదటి వరుస బాగానే వచ్చింది. పై స్థాయి దగ్గర, పక్క ప్రభల మైకులు కట్టించిన చోట, గొంతు టప్పున విరిగింది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ విరిగింది. ఏరుతున్న చేతులు కూడా ఆగాయి. నేను తల దించుకున్నాను.

“బాబాయ్, శ్రుతి దించు” అంది పిన్ని.

ఆ మాట ఆమె నోట అంతవరకు ఎవరూ వినలేదు. బాబాయ్ క్లారినెట్ దించి ఆమె వంక చూశాడు. “ఎంతమ్మా?”

“నేను చాలనేదాకా.”

ఆయన మెట్టు మెట్టుగా దిగాడు. ఇంకా, ఇంకా అంటూనే ఉంది. చివరికి ఎక్కడో నేల మీద ఆగి, అక్కణ్ణుంచి పాడింది. తడిసిన దుప్పటిలా బరువుగా ఉంది ఆ గొంతు. అంతవరకు నేను విన్న పిన్ని కాదు. బాబాయ్ తనూ ముక్కుకి కట్టుకున్న గుడ్డ ఎత్తి ఒక ముక్క వాయించి మళ్ళీ దించుకుంటున్నాడు. రోల్ టిక్కీ మీద దరువేస్తున్నాడు. చేతులకి పనిలేక నేనూ గొంతు కలిపాను. పక్కనున్నామె మెల్లిగా నా మోకాలు తట్టి, “నువ్వొద్దులే తల్లీ” అంది.

ఒప్పుకున్న పాటలన్నీ పాడేసరికి ఈలలు విని అతిథులు పళ్ళేలతో సహా బయటికొచ్చారు. షెడ్డంతా కళ్ళు తుడుచుకుంటోంది. ఒక పెద్దాయన కరిగిపోయి, “చూశారా, ఎంత ఆర్ద్రంగా పాడిందో. హమాలీలు కూడా ఏడుస్తున్నారు” అన్నాడు. యజమానిగారు ముందుకొచ్చి, లోపల ఏసీలో రెండు పాటలు పాడాలమ్మా అని బతిమాలారు.

“మా కచేరీ అయిపోయిందండీ. వినాలంటే ఇక్కడికి రావాల్సింది” అని పిన్ని తడిగుడ్డ విప్పి, పిండి, ఇచ్చినామెకి ఇచ్చేసింది.

తిరిగి వస్తుంటే వ్యానులో నేను రాజీనామా ప్రకటించాను. ఇంత అవమానం పడుతూ వాయించలేనని, రేపటినుంచి రానని, ముక్కు చీదుకుంటూ పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. “రేపు ప్రోగ్రాం లేదుగా. ఉన్న రోజు చూసుకుని మానెయ్” అంది పిన్ని. అలా చూసుకుంటూ చూసుకుంటూ చాలా ఏళ్ళు వాయించాను. మళ్ళీ పెద్ద మండపాలేమీ రాలేదు. మిర్చి యార్డు హమాలీల చవితి పందిళ్ళు, ఆటో స్టాండు వార్షికోత్సవాలు, అలాంటివి వచ్చాయి. అన్నిట్లోనూ పిన్ని ఆ కింది శ్రుతిలోనే పాడింది. చివరికి ఎవరూ మానమనకముందే, తనకి తోచిన రోజున తనే మానేసింది.

మొన్న తాడేపల్లి నుంచి పిన్నికి ఫోన్ చేసి, ఆ కచేరీ గురించి రాస్తున్నానని చెప్పాను.

“రాస్తే రాయి గానీ, గొంతు పోయిందని రాయబాకు. దిగిందని రాయి. పోవడం వేరు, దిగడం వేరు.”

అలాగే రాశాను. వ్యానులో కిటికీ పక్కన ఎర్రటి ముక్కుతో కూర్చుని, కళే అంతరించిపోయిందని వాపోతున్న ఆ కీబోర్డు పిల్ల గుర్తొస్తే మాత్రం ఇప్పుడు నవ్వొస్తుంది. దగ్గరుంటే జుట్టు నిమిరి, ఊరుకోవే పిచ్చిదానా, నీ జన్మలో నువ్వు విన్న అసలైన కచేరీ ఇదే అని చెప్పేదాన్ని. అది వినేది కాదనుకోండి.