కళ్లు పెట్టని చిలకలు

మా అమ్మ చేతిలో చిత్తుకాగితం ఊరికే పోయేది కాదు. పాత పేపర్లు, మా మరాఠీ బడి నోట్‌బుక్కులు, కిరాణా పొట్లాలు అన్నీ గంగాళంలో నానేవి. బాగా నానాక రోట్లో వేసి, మెంతిపిండి కలిపి మెత్తగా దంచేది. ఆ ముద్దను బోర్లించిన కుండ మీద మెత్తి ఎండబెడితే గంప అయ్యేది. మెంతుల చేదుకు దానికి పురుగు పట్టదు. పైన సున్నం పూసి, ఎర్రమట్టి జాజుతో ముగ్గులు వేసేది. మేముండేది లాల్‌పేట్ బొగ్గుబావి క్వార్టర్లలో. ఆ దుమ్ముకు గంప తెలుపు పట్టుమని పది రోజులు నిలవదు. అయినా పూసేది.

నన్ను లక్కడ్‌కోట్‌లో ఇచ్చారు. తొలి కాన్పుకు ఏడో నెలలో పుట్టింటికి వచ్చాను. "తిను, పండుకో" తప్ప ఇంట్లో నాకు ఇంకో మాట లేదు. ఊరికే కూర్చుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ రోజుల్లోనే పేపర్లలో రంగుల పేజీలు ఎక్కువయ్యాయి. నిండా టీవీలు, ఫ్రిజ్‌లు, స్కూటర్లు. ఆ నున్నటి కాగితం ఓ పట్టాన నానదని అమ్మకు కోపం. "సూడనీకె మంచిగనే ఉంటయి, ముద్దకు పనికిరావు" అని పక్కన పడేసేది. నేను వాటినే తీసుకుని, మొండిగా మళ్లీ మళ్లీ నానబెట్టి, చిలకలు చేయడం మొదలుపెట్టాను. ఉయ్యాల మీద కట్టే చిలకలు.

అమ్మ చూసి గుండెలు బాదుకుంది.

"పిల్ల పుట్టకముందే కుల్ల కుట్టినట్టు, గివేందే? ఎవలన్న సూస్తె ఏమంటరు?"

"ఏమంటరు, మంచిగున్నయంటరు."

"నీకు నోరెక్కువైంది."

"నీ బిడ్డనే గద" అన్నాను. మా నాన్న, బాపు అంటాం ఆయన్ని, పక్కకు తిరిగి నవ్వుకున్నాడు. మర్నాడు డ్యూటీ నుంచి వస్తూ చిలకల లోపల పెట్టడానికి సన్న తీగ తెచ్చిచ్చాడు. అమ్మ ఇద్దరినీ తిట్టింది. చివరికి తనే ఒక ఒప్పందానికి వచ్చింది.

"సరే, చేసుకో. కండ్లు మాత్రం పెట్టకు. కండ్లు పెడితెనే దానికి పాణం. అప్పటిదాక అది ఉత్త కాయితం. పిల్ల పుట్టినంక, పిల్లతోని దానికీ పెడుదాం."

నాకు ఆ మాట నచ్చింది. ముగ్గుల్లో వేసే పచ్చరంగు, ముక్కులకు కుంకుమ రాసి, కళ్ల చోటు తెల్లగా వదిలేశాను. నాలుగు గుడ్డి చిలకలు దండెం మీద ఎండుతుంటే బాపు వాటికి రోజూ రాంరాం చెప్పి డ్యూటీకి పోయేవాడు.

నొప్పులు ఒక పొద్దున మొదలయ్యాయి. కాన్పుకని అత్తమ్మ అప్పటికే వచ్చి మా ఇంట్లో ఉంది. ఆమె, బాపు నన్ను ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు. అన్నం వండుకుని వెనక వస్తానని అమ్మ ఇంట్లో ఆగింది. సాయంత్రం పాప పుట్టింది. ఏడవలేదు.

డాక్టరమ్మ నన్నూ, అప్పుడే ఊరి నుంచి వచ్చిన మా ఆయన్నీ, ఇద్దర్నే ఉంచుకుని మరాఠీలో నెమ్మదిగా చెప్పింది. పాప కడుపులోనే పోయిందట. ఈ రోజు కాదట, రెండు రోజుల కిందటే. ఎవరి తప్పూ లేదు, ఒక్కోసారి ఇలా అవుతుందంది. ఆమె ఓదార్పుగానే చెప్పింది. నాకు మాత్రం రెండు రోజులన్న మాట ఒక్కటే మిగిలింది. ఆ రెండు రోజులూ నేను చిలకలకు దారాలు కడుతూ, కడుపు మీద చెయ్యేసుకుని ముచ్చట్లు చెప్పాను. చచ్చిపోయిన బిడ్డతో మాట్లాడానని ఎవరికి చెప్పను? ఎవరికీ చెప్పొద్దని మా ఆయనతో ఒట్టు వేయించుకున్నాను.

ఇంటికొచ్చేసరికి దండెం ఖాళీగా ఉంది. అమ్మ చిలకల్ని మూటగట్టి అటక మీద పెట్టేసింది. పరామర్శకు వచ్చినవాళ్లు మాత్రం చిలకల్ని మరిచిపోలేదు. పుండు మీద కారం చల్లడానికి కొందరికి పిలుపు అక్కర్లేదు. "ముందుగాల చేస్తె గిట్లనే ఐతది" అని ఒకామె, "సదువుకున్నోళ్లు ఇంటరా" అని ఇంకొకామె. అత్తమ్మ ఊరికి పోతూ గడపలో నిలబడి, "చిలకల పిచ్చి నా ఇంటి దీపం ఆర్పింది" అంది. వాళ్ల నోళ్లు మూయించడానికి, ఎవరి తప్పూ లేదన్న డాక్టరమ్మ మాట నా దగ్గర ఉంది. అది చెబితే ఆ రెండు రోజుల సంగతీ చెప్పాలి. అది బయటపెట్టడం కంటే తిట్లు తినడమే నాకు తేలికనిపించింది.

వాళ్ల మాటలు ఎలాగో మింగాను. అమ్మ మౌనమే మింగలేకపోయాను. నాకు పథ్యం పెట్టేది, తల రుద్దేది, మొహం మాత్రం చూసేది కాదు. తాను సరిగ్గా తినేది కాదు. అమ్మ కూడా తప్పు నాదే అనుకుంటోందని లోపల కుతకుత ఉడికిపోయాను. తిట్టినా బాగుండేది.

ఒకరోజు అమ్మ బయట నీళ్లు పడుతుంటే అటక మీది నుంచి చిలకల్ని దించాను. చూడబుద్ధి కాలేదు. మూట విప్పి గంగాళంలో కుమ్మరించాను. మళ్లీ ముద్ద చేసి పారేద్దామని. పచ్చరంగు వెంటనే విడిచి నీళ్లు పచ్చబడ్డాయి. కుంకుమ కరిగింది. ఒక చిలకకు మాత్రం నల్లగా ఏదో కరగకుండా నిలిచింది. చేత్తో రుద్దితే వేలికి జిడ్డు అంటింది. వాసన చూశాను. ఆముదం దీపం మసితో పట్టిన కాటుక. పసిపిల్లలకు పెట్టేది. ఆ చిలకకు రెండు కళ్లున్నాయి.

బిందెతో లోపలికి వచ్చిన అమ్మ నన్నూ, నా చేతిలో చిలకనూ చూసి, బిందె దించి నా ముందు కూర్చుంది.

"నేనే పెట్టిన బిడ్డా. మీరు ఆటో ఎక్కి పోయిన్రు. నేను కాటిక పట్టిన. ఆగలేకపోయిన. ఇంకెంతసేపు, వస్తనే ఉన్నది గద అనుకున్న. పెట్టొద్దని నీకు చెప్పి నేనే పెట్టిన. నా చేతులతోని నేనే తిన్న పిల్లను."

ఇన్నాళ్లూ నా మొహం చూడకపోవడం ఇందుకా! అందరూ నన్ను అంటుంటే, అవన్నీ తనకు తగలాల్సినవని లోపల లోపల కాలిపోయింది. ఇక దాచలేకపోయాను.

"అమ్మా, నీ కాటికతోని ఏం కాలే. అప్పటికే లేదు. రెండు రోజుల ముందే పోయిందట. డాక్టరమ్మ చెప్పింది. నేనే ఎవలకు చెప్పలే."

అమ్మ గుండె మీది బరువు దిగుతుందనుకున్నాను. తను మెల్లగా అడిగింది.

"అయితె... లేని పిల్ల కోసమా బిడ్డా, నేను కాటిక పట్టింది?"

అమ్మ నన్ను దగ్గరికి లాక్కుని గొంతెత్తి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అంతవరకూ ఆ ఇంట్లో తప్పు ఎవరిదన్న మాటే నడిచింది. మా పాప కోసం మేం ఏడ్చింది ఆ రోజే.