చిన్నతల్లి మానేసిన చేపల పులుసు

రాజోలు చేపల మార్కెట్లో చిన్నతల్లి గొంతు వినబడిందంటే కవళ్ల చేపలు వచ్చేయని టీ కొట్టువాళ్లకి తెలిసిపోయేది. మొగుడు కామరాజు పడవ మీద తెచ్చిందంతా మధ్యాహ్నంలోపే అమ్మేసే మనిషి. అలాంటిది యాభై దాటేసరికి ఒళ్లు బరువెక్కింది, మోకాళ్లు పట్టేసేయి. పీట మీంచి లేవాలంటే పక్కన రొయ్యలమ్మే నాగమణి చెయ్యి అందుకోవాల్సిందే.

"బరువు తగ్గితే నొప్పి తగ్గుతుందమ్మా" అన్నారు ఆస్పత్రిలో. ఎలా తగ్గాలో అడిగేలోపే వెనకవాళ్లు తోసుకొచ్చేరు.

"కొవ్వు కరగాలంటే కొవ్వు తినకూడదొదినా" అని నాగమణి తేల్చేసింది.

చిన్నతల్లిది మొండి పట్టుదల. నూనె సీసా అటకెక్కించింది. గుడ్డు లేదు, కొబ్బరి పచ్చడి లేదు. పొద్దస్తమానం తను తోమి అమ్మే చేపని కూడా ఇంట్లో ముట్టుకోవడం మానేసింది. చారూ అన్నం, అంతే. అది కడుపులో ఎంతసేపు నిలుస్తుంది? పొద్దెక్కేసరికి కళ్లు తిరిగేవి. టీలో బన్ను ముంచుకు తినేది. సాయంత్రం మళ్లీ బన్నే. దాంట్లో నూనె కనబడదు గదా అని ధీమా.

మొదట్లో కాస్త తగ్గింది గానీ, తగ్గిందంతా మళ్లీ వచ్చి చేరింది. దువ్వెన నిండా జుట్టు. నవ్వుతూ బేరమాడే మనిషి కాస్తా "కొంటే కొనండి, లేకపోతే పొండి" అని కసరడం మొదలెట్టింది.

ఓ రోజు పెందలాడే ఇంటికొస్తే, పెరట్లో వలల గుట్ట చాటున కామరాజు గొంతుక్కూర్చుని తింటున్నాడు. కంచంలో కవళ్ల పులుసు. పెళ్లాన్ని చూసి కంచం వెనక్కి లాక్కున్నాడు.

"ఏంటయ్యా, దొంగతిండి?"

"నువ్వు చారన్నం తింటుంటే నాకు ముద్ద దిగట్లేదే. ఇంట్లో వండితే నీకు వాసనొస్తదని పక్కింట్లో వండించుకుంటున్నా."

చిన్నతల్లి అక్కడే కూలబడి ఏడ్చేసింది. ఏడుపు పులుసు కోసమో, ఆయన కోసమో తనకే తెలీలేదు.

మర్నాడు ఇద్దరూ అమలాపురంలో తిండి సంగతులు చూసే డాక్టరమ్మ సౌజన్య గారి దగ్గరికి వెళ్లేరు. ఆవిడ తీరుబడిగా అన్నీ అడిగేరు.

"నూనె చుక్క ముట్టుకోలేదండీ" అంది చిన్నతల్లి, కాస్త గర్వంగానే.

"అక్కడే వచ్చిందమ్మా చిక్కు. కొవ్వు బొత్తిగా లేకపోతే కడుపు నిండినట్టుండదు. ఆ ఆకలికే బన్నులు తింటున్నారు. కూరల్లో కొన్ని విటమిన్లు ఒంటికి పట్టాలన్నా కాస్త నూనె ఉండాలి. అలాగని ధారగా పొయ్యకండి, చెంచాతో కొలవండి. అన్నం తగ్గించి కూర పెంచండి."

"మరి చేప తినొచ్చాండీ?"

"తినండి. కవళ్లలో ఉండేది మంచి కొవ్వే. వేపుళ్లు మాత్రం వద్దు, పులుసు పెట్టుకోండి."

"ఆయ్, అలాగేనండి" అన్నాడు కామరాజు, తనని అడక్కుండానే.

ఆ సాయంత్రం కోడలు లక్ష్మీతులసి పులుసు పెట్టింది. చిన్నతల్లి ముళ్లు తీసుకుంటూ తింది. బన్ను మీద ధ్యాస పోవడానికి కొన్ని వారాలు పట్టింది. వేపుడు మీద మనసైతే ఇప్పటికీ పోలేదు.

బరువు మెల్లగానే తగ్గుతోంది. ఒక్కో నెల అసలు కదలదు. వానపడితే మోకాళ్లు ఇప్పటికీ సలుపుతాయి. అయినా మొన్న అప్పనపల్లి గుడికి వెళ్లినప్పుడు, నాగమణి చెయ్యి అందించబోతే "ఉండవే" అని తనే మెట్లెక్కేసింది. జాకెట్లు వదులయ్యేయని టైలరుకిచ్చి కుట్లు వేయించుకుంది.