ఏడక్షరాల కిటికీ

ఆ రోజుల్లో ఇంగ్లీషు రాకపోవడం కూడా ఒక అర్హతేనని ఎవరైనా చెప్పి ఉంటే నేను నమ్మేవాణ్ణి కాదు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో దిగి, రెజిమెంటల్ బజార్‌లో ఒక బట్టల కొట్టు పైగదిలో అద్దెకు చేరి, హైటెక్ సిటీలో ఒక పెద్ద ఆఫీసులో ఉద్యోగం సంపాదించుకున్నాను. (ఆఫీసే పెద్దది, ఉద్యోగం చిన్నది.) అక్కడ అందరూ ఇంగ్లీషులో నవ్వుకునేవారు. నేను తెలుగులో నవ్వేవాణ్ణి, అదీ వాళ్లందరూ నవ్వడం ఆపేశాక. అలాంటి నన్ను పొద్దున పూట ఎంఎంటీఎస్ రైల్లో ముగ్గురు మనుషులు తమ ఇంగ్లీషు ఆటలోకి లాక్కున్నారంటే, అది వాళ్ల దయో, వాళ్ల ఎదుటి సీటు ఖాళీగా ఉండటమో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

ఆట ఏమిటంటే, పేపర్లో రోజూ ఒక చిన్న పెట్టె వేసి అందులో ఏడు ఇంగ్లీషు అక్షరాలు చెదరగొట్టి ఇచ్చేవారు. వాటితో చిన్నాచితకా మాటలు ఎన్నయినా చేసుకోవచ్చు గానీ, ఏడింటినీ వాడుకునే మాట ఒక్కటే ఉండేది. దాన్ని మేం ‘పెద్దమాట’ అనేవాళ్లం. పెన్ను పట్టకూడదు, అంతా బుర్రలోనే. ఎవరికి దొరికితే వాళ్లకు మర్నాడు కిటికీ సీటు. నిజానికి ఆ సీటు ఎప్పుడూ డిక్షనరీ సార్‌దే. లింగంపల్లి వైపు ఒక జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే ఆయనకు జేమ్స్ స్ట్రీట్ దాటేలోగా పెద్దమాట దొరికిపోయేది. మా మీద జాలితో బేగంపేట వరకు నోరు కట్టుకుని కూర్చునేవారు. ఆ తర్వాతి స్థానం కోసం బ్యాంకులో పనిచేసే అక్క, యాప్రాల్ నుంచి స్కూటర్ మీద స్టేషన్‌కొచ్చే అన్న కొట్టుకునేవారు. నేను మూడక్షరాల మాట ఒకటి పట్టుకుని, దాన్నే తిరగేసి ఇంకోటి చేసి, అలసిపోయేవాణ్ణి. అందుకే సార్ నాకు ‘సైలెంట్ లెటర్’ అని పేరు పెట్టారు. నేను మొహం చిన్నబుచ్చుకుంటే ఆయనే ఊరడించారు.

“పరేషాన్ గాకు. ఇంగ్లీషుల సగం అక్షరాలు నీ లెక్కనే ఊకె కూసుంటయి. కానీ తీసేస్తే స్పెల్లింగే తప్పు.”

ఆ వానాకాలంలో సార్ మాట ఆలస్యంగా రావడం మొదలైంది. మొదట ఫతేనగర్‌కు, తర్వాత భరత్‌నగర్‌కు జరిగింది. రైలే తొందరగా పోతోందని యాప్రాల్ అన్న జోక్ వేశాడు. ఒకరోజు సార్ బ్యాంకక్కను పేరేమిటని అడిగారు, అప్పుడు ఎవరూ జోక్ వెయ్యలేదు. ఆ వారంలోనే సార్ భార్య ప్లాట్‌ఫాం దాకా వచ్చి, అక్కను పక్కకు పిలిచి సంగతి చెప్పింది. డాక్టర్లు మతిమరుపు జబ్బన్నారట. కాలేజీకి సెలవు పెట్టించినా పొద్దున్నే రైలెక్కుతానని బయల్దేరుతున్నారట.

“పెద్దమాట దొరికిన రోజు ఇంటికొచ్చి నాకు చెప్తరు, మంచిగ తింటరు. దొరకని రోజు పళ్లెం జరిపేస్తరు. జెర చూడు బిడ్డా,” అందామె.

లింగంపల్లిలో దిగే యాప్రాల్ అన్న, సార్‌ను తిరుగు రైలెక్కించే బాధ్యత తీసుకున్నాడు. మిగిలిన బాధ్యత, అంటే తెలివి తక్కువగా ఉండటం, ముగ్గురం పంచుకున్నాం. అన్నకు నటన బొత్తిగా రాదు. పెద్దమాట దొరకగానే చెవి గోక్కుంటూ కప్పుకేసి చూసేవాడు. అక్క రోజూ “నాకైతే ఇయ్యాల దిమాగ్ పని చేస్తలేదు” అనేది, ఒక్కోసారి పేపర్ తెరవకముందే. నేను మాత్రం సహజంగా జీవించేవాణ్ణి. “అందరికన్న నీ యాక్టింగే బెస్ట్ తమ్మీ” అని అన్న నా భుజం తట్టాడు. ఆ నగరంలో నాకు దక్కిన మొదటి మెప్పు అదే. సార్‌కు మాట దొరకాలని మేం ముగ్గురం బొరబండ దాకా ఊపిరి బిగబట్టేవాళ్లం. దొరికితే ఆయన కంటే మేమే ఎక్కువ వెలిగిపోయేవాళ్లం.

చలికాలంలో ఒకరోజు పెట్టెలో కె, టి, బి, ఏ, ఎన్, ఈ, ఎల్ వచ్చాయి. చూడగానే నాకు పెద్దమాట కనిపించింది. నమ్మండి, నాకే. మా అమ్మ పంపించిన రగ్గు మూల మీద కుట్టిన చీటీలో ఆ మాట రోజూ ముక్కుకు తగిలేది. జన్మలో మొదటిసారి దొరికిన మాట, నోరు తెరవబోయాను. యాప్రాల్ అన్న నా కాలు తొక్కాడు. మింగేశాను. అంత పెద్దమాట మింగడం సులభం కాదు.

సార్ బేగంపేటలో ‘టేబుల్’ అన్నారు. ఫతేనగర్‌లో ‘లేక్’ అన్నారు. బొరబండ దగ్గర ‘బ్లాంక్’ అని ఆగిపోయారు. ఈ, టీ మిగిలాయి. ఆ రెండింటి మీద వేలు పెట్టి, మళ్లీ ‘బ్లాంక్’ అన్నారు. హైటెక్ సిటీ వచ్చింది. అక్కడే దిగాల్సిన నేనూ దిగలేదు, అక్కా దిగలేదు.

“నీ స్టేషన్ పాయె గదా,” అన్నారు సార్.

“ఏటో సార్, చూసుకోలేదు.”

ఆయన పేపర్ మడిచి ఒళ్లో పెట్టుకుని మా ముగ్గురినీ వరుసగా చూశారు.

“తెల్వకున్నా తెలిసినట్టు యాక్టింగ్ చేసే పిల్లగాండ్లను ఇన్నేండ్లు చూసిన. తెలిసి సుత తెల్వనట్టు చేసేటోళ్లను మిమ్మల్నే చూస్తున్న.”

అక్క మొహం తిప్పుకుంది. అన్న చెవి గోక్కోవడం ఆపాడు.

“చెప్పు సైలెంట్. ఇయ్యాల నీదే.”

“బ్లాంకెట్, సార్,” అన్నాను.

ఆయన పేపర్ విప్పి ఆ రెండక్షరాలనూ వేలితో మిగతావాటి పక్కకు జరిపినట్టు చేశారు. నవ్వారు. “ఇంట్ల నాకే దొరికిందని చెప్తా, ఏమనుకోకు. నేను తినకుంటే ఆమె సుత తినది.” లింగంపల్లి వచ్చేదాకా, జారిపోకుండా, ఆ మాటనే పెదాలతో అనుకుంటూ కూర్చున్నారు. మర్నాడు “రూల్ రూలే” అని లేచి నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టారు. బయట ఏం చూశానో నాకు గుర్తులేదు. ఎండలు ముదిరేసరికి సార్ రావడం మానేశారు. ఆ తర్వాత పెట్టెలో అక్షరాలు వస్తూనే ఉన్నాయి గానీ, పేపర్ కొనే మనిషి మాలో లేకపోయాడు.

ఇప్పుడు ఆట ఫోన్లలోకి వచ్చింది. మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి పొద్దున నాతోపాటే రైలెక్కి, అక్షరాలు చూపించి “మీకేమన్న దొరికిందా అంకుల్?” అని అడుగుతుంది. మొన్న నాకు బొరబండ దాకా దొరకలేదు. చివరికి చెప్పగానే “అబ్బ, నాకు అస్సలు తట్టలే అంకుల్” అంది, కప్పుకేసి చూస్తూ, చెవి గోక్కుంటూ. నాకింకా అంత వయసు రాలేదని చెప్పబోయి ఊరుకున్నాను. సైలెంట్ లెటర్‌ని కదా. ఇంటికెళ్లి ఆ మాట మా ఆవిడకు చెప్పాను, నాకే దొరికిందని. ఆ పూట మారు అన్నం కూడా పెట్టించుకున్నాను.